రక్తమా, నేలా, ఏర్పాటా? కడప జిల్లా కక్షలకు సాంఘిక శాస్త్రాలు చెప్పిన కారణాలు

మనిషి చేసే పనికి కారణం అతని పుట్టుకలో ఉందా, అతడు బ్రతికే నేలలో ఉందా, లేక అతని చుట్టూ మనుషులు కట్టుకున్న ఏర్పాట్లలో ఉందా? గత రెండు శతాబ్దాలుగా సాంఘిక శాస్త్రాలు ఎక్కువగా ఈ మూడు సమాధానాల మధ్యనే తిరుగుతున్నాయి. ఈ చర్చను మనం సాధారణంగా యూరప్, అమెరికా గ్రంథాల నుండి, అక్కడి ఉదాహరణలతో చదువుకుంటాము. కాని ఇదే చర్చ మన తెలుగు నేల మీద కూడ జరిగింది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అనే మూడు పాత తాలూకాల కక్షలను వివరించబోయిన ప్రతివారూ, తెలిసో తెలియకో, ఈ మూడు సమాధానాలలో ఒకదానిని ఎన్నుకున్నారు.

ఈ ప్రాంతం నుండి వేదాంత కళాశాలకు వచ్చిన విద్యార్థిని తోటివారు మొదట అడిగే ప్రశ్న మనకు తెలిసినదే: "మీ ఊర్లో బాంబులేస్తారంట గదా?" అడిగేవారు సరదాగానే అడుగుతారు. అయితే ఆ ప్రశ్న వెనుక ఒక సిద్ధాంతం ఉంది. ఆ నేలలో పుట్టినవాడికి కోపం పుట్టుకతోనే వస్తుందన్నది ఆ సిద్ధాంతం. 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి', 2002లో వచ్చిన 'ఆది', 'ఇంద్ర' వంటి చలనచిత్రాలు ఈ సిద్ధాంతాన్ని రాష్ట్రమంతటా ప్రచారం చేశాయి. సినిమాను తప్పుపట్టి ఊరుకోవడం సులభమే. అయితే ఆ సిద్ధాంతం సినిమాలో పుట్టలేదు. అది పండితుల పుస్తకాలలో పుట్టి, ప్రభుత్వ దస్తావేజులలో పెరిగి, చాలా ఆలస్యంగా వెండితెర మీదికి వచ్చింది. ఆ ప్రయాణాన్ని పరిశీలించడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం. ఏ కుటుంబాన్ని గూర్చి గాని, ఏ నాయకుని గూర్చి గాని తీర్పు చెప్పే పని మేము పెట్టుకోలేదు.

ముందుగా మాటను గూర్చి ఒక మాట. 'ఫ్యాక్షన్' అనే పదాన్ని ఊరి ప్రజలు తమంత తాము పెట్టుకోలేదు. అది పోలీసు నివేదికల నుండి, కోర్టు తీర్పుల నుండి, పత్రికల ద్వారా ఊళ్లలోకి వచ్చిన మాట. ఊరిలో వినబడేది 'పార్టీ'. ఫలానా ఊరిలో రెండు పార్టీలున్నాయి అంటే కాంగ్రెసు, తెలుగుదేశం అని అర్థం కాదు. రెండు ఇండ్లు, రెండు పెత్తనాలు అని అర్థం. ఆ మాటకొస్తే 'రాయలసీమ' అనే పేరు కూడ పాతది కాదు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు ఆ పేరును సూచించేవరకు ఇవి 'దత్త మండలాలు'. ఒకరు మరొకరికి ధారపోసిన జిల్లాలు అని దాని భావం. అంటే ఈ ప్రజలకు ఒక ఉమ్మడి పేరు పెట్టి ఇంకా వందేండ్లు కాలేదు. వేల ఏండ్ల 'సీమ స్వభావం' గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

పుట్టుకలో నేరం

1800లో నైజాము ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేశాడు. అదే సంవత్సరం ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురైనది సుమారు 80 మంది పాలెగాళ్లు. కొందరివి గట్టి కోటలు, కొందరివి గుట్ట మీద నాలుగు గోడలు. వారి వద్ద జీతానికి బదులు మాన్యం అనుభవించే సాయుధులు ఉండేవారు. విజయనగర రాజ్యం కూలిన తరువాత బీజాపూరు, గోల్కొండ, మొగలులు, కడప నవాబులు, మరాఠాలు, మైసూరు సుల్తానులు ఒకరి తరువాత ఒకరు ఈ నేల మీద పన్ను వసూలు చేయబోయారు. ఎవరి పాలనా ఊరిదాకా నిలకడగా చేరలేదు. ఆ ఖాళీలో నిలిచినవాడు పాలెగాడు.

మన్రో 1807 వరకు ఇక్కడ ఉండి పాలెగాళ్ల సాయుధ బలాన్ని తీసివేశాడు. కొందరికి పింఛన్లు ఏర్పరచాడు, కొందరిని వెళ్లగొట్టాడు. ఆ పింఛన్ల కథ 1846లో మరల లేచింది. అప్పటికి కడప జిల్లాలోనే ఉన్న కోయిలకుంట్ల ప్రాంతంలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేశాడు. ఆయన వెంట నడిచినవారిలో కట్టుబడి మాన్యాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. 1847 ఫిబ్రవరిలో ఆయనను కోయిలకుంట్లలో ఉరితీశారు. తిరుగుబాటుకు కారణం మాన్యాలు, పింఛన్లు అని కాగితాల మీదనే స్పష్టంగా ఉంది. అయినా తరువాతి తరం అధికారులకు అటువంటి కారణాలు చాలలేదు. వారికి శాస్త్రీయమైన కారణం కావలసివచ్చింది.

ఆ శాస్త్రం అప్పుడే సిద్ధమౌతూ ఉన్నది. డార్విన్ గ్రంథం 1859లో వచ్చింది. దానిని సమాజానికి అన్వయించే తొందర డార్విన్‌కు కంటే హెర్బర్ట్ స్పెన్సర్ వంటివారికి ఎక్కువగా ఉండేది. 1876లో ఇటలీలో లొంబ్రోసో, నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడని, వాని పుర్రెలోను ముఖంలోను ఆ గుర్తులుంటాయని రాశాడు. భారతదేశంలో ప్రభుత్వం లొంబ్రోసో కోసం కూడ ఆగలేదు. 1871లోనే నేరస్థ జాతుల చట్టం చేసింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడని, కులం అంటేనే తరతరాల వృత్తి గనుక నేరం కూడ ఒక కులవృత్తి అని శాసన సభలో వాదించారు. విచిత్రమేమంటే యూరప్‌లో పుర్రెను చూపి చెప్పిన మాటను ఇక్కడ కులాన్ని చూపి చెప్పారు. కారణం మారింది, తీర్పు మారలేదు.

1911లో ఈ చట్టాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడ విస్తరించారు. కడప జిల్లాలో దాని బరువు మోసినవారు పాలెగాళ్ల వారసులు కారు. ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకొని ఊరూరా తిరిగిన ఎరుకలవారి వంటి సంచార కులాలు దానిని మోశాయి. రైలు వచ్చి, ఉప్పు మీద పన్ను పెరిగి వారి వ్యాపారం దెబ్బతిన్న తరువాత, వారి తిరుగాటమే నేరానికి నిదర్శనమైంది. ఇక్కడ ఎడ్గార్ థర్‌స్టన్ పేరు చెప్పుకోవాలి. ఆయన మద్రాసు మ్యూజియం అధికారి. కె. రంగాచారి సహాయంతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగలను గూర్చి 7 సంపుటాలు ప్రకటించాడు. ఈనాటికీ సెమినరీ గ్రంథాలయాలలో పరిశోధకులు మొదట తెరిచే పుస్తకం అదే. అందులో పెండ్లి ఆచారాలు, ఇంటిపేర్లు, సామెతలు ఎంతో శ్రద్ధతో కూర్చబడ్డాయి. ఆ శ్రమను కాదనలేము. అయితే అదే పుస్తకంలో తల వెడల్పు, ముక్కు వెడల్పు కొలతలు కూడ ఉన్నాయి. థర్‌స్టన్ పోలీసు అధికారులకు ఈ కొలతల విద్యను గూర్చి ఉపన్యాసాలు కూడ ఇచ్చాడు. మ్యూజియానికి, పోలీసు స్టేషనుకు మధ్య దూరం ఆ రోజులలో అంత తక్కువ.

ముక్కు వెడల్పు తగ్గేకొద్దీ కులం హోదా పెరుగుతుందని బెంగాలులో రిస్లీ చెప్పిన సిద్ధాంతాన్ని 1932లో జి.ఎస్. ఘుర్యే అవే అంకెలతో పరీక్షించాడు. గంగా మైదానం దాటి బయటికి వస్తే ఆ వరుస నిలవదని చూపించాడు. అంతకు 20 ఏండ్ల ముందే అమెరికాలో ఫ్రాంజ్ బోయస్, వలసవచ్చినవారి పిల్లల తల కొలతలు ఒక్క తరంలోనే మారుతున్నాయని చూపాడు. పుర్రెనే పరిసరాలు మారుస్తుంటే, పుర్రెను చూసి గుణం చెప్పడం ఎట్లా? విద్యాలోకంలో ఆ వాదం అక్కడితో దాదాపు ముగిసింది. నేరస్థ జాతుల చట్టాన్ని కూడ మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దుచేశారు. అయితే సిద్ధాంతం చచ్చిపోయినా దాని మాటలు బ్రతికే ఉంటాయి. ఎరుకల కులస్థుల మీద వేసిన 'పుట్టుక' అనే ముద్రే కొంత కాలానికి మూడు తాలూకాల ప్రజలందరి మీద పడింది.

నేలలో కోపం

రెండవ సమాధానం మర్యాదైనది, అందుకే ఎక్కువమంది నమ్మేది. వాన లేదు, పంట లేదు, పని లేదు. కాబట్టి మనుషులు తన్నుకుంటారు అని. కడప జిల్లా సగటు వర్షపాతం సుమారు 700 మిల్లీమీటర్లు. పులివెందుల వైపు ఇంకా తక్కువ. 1876–78 ధాత కరువును ఇక్కడి ముసలివారు తమ తాతల మాటగా చెప్పుకున్నారు. కరువు నిజం, దాని బాధ నిజం. కరువు కక్షను పుట్టిస్తుందన్న మాటను మాత్రం పరీక్షించవలసి ఉంది. ఇందుకు మన మూడు తాలూకాలే చక్కని ప్రయోగశాల.

పులివెందుల మెట్టప్రాంతం. వేరుశనగ, ఆ తరువాత బోరు నీటితో పెంచిన చీనీ తోటలు. జమ్మలమడుగు అటువంటిది కాదు. గండికోట దగ్గర పెన్న కొండను చీల్చుకొని బయటపడిన తరువాత విస్తరించిన నల్లరేగడి అది. పత్తికి, శనగకు, జొన్నకు పేరుబడిన నేల. ప్రొద్దుటూరుకు కాలువ నీరు కూడ ఉంది. 1860లలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వి, నష్టపోయి, 1882లో ప్రభుత్వానికి అమ్మివేసిన కర్నూలు–కడప కాలువ ఆ తాలూకాకు చేరింది. పత్తి, నూనెగింజలు, ఆ పైన బంగారం వ్యాపారంతో ప్రొద్దుటూరును 'రెండవ బొంబాయి' అన్నారు. కరువే కారణమైతే కక్షలు పులివెందులలో హెచ్చుగా, జమ్మలమడుగులో తక్కువగా, ప్రొద్దుటూరులో లేనట్టుగా ఉండాలి. అట్లా లేవు. జమ్మలమడుగు నల్లరేగడి గ్రామాలు కక్షలలో ఎవరికీ తీసిపోలేదు.

ఇంకొక పోలిక. మహబూబ్‌నగర్ జిల్లా కరువులో కడపకు ఏమీ తీసిపోదు. అక్కడి పేదలు తట్ట, పార పట్టుకొని దేశమంతటా ఆనకట్టలు కట్టడానికి పోయారు. 'పాలమూరు కూలి' అనే మాటే పుట్టింది. నాటుబాంబుల పార్టీలు ఆ రూపంలో అక్కడ పెరగలేదు. కరువు ఒకటే అయినప్పుడు ఒకచోట వలస, ఒకచోట కక్ష ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు వర్షమాపకం జవాబు చెప్పదు.

అన్నదమ్ముల పోరు

స్వాతంత్ర్యం తరువాత సమాజశాస్త్రవేత్తలు పుర్రెలు వదిలి ఊళ్లలో కాపురం పెట్టారు. ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరులోని రాంపురాను చూసి 'ఆధిపత్య కులం' అనే భావాన్ని ఇచ్చాడు. ఎస్.సి. దూబే హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటను గూర్చి 1955లో రాశాడు. ఢిల్లీ సమీపంలోని ఒక గ్రామంలో ఆస్కార్ లూయిస్ 1954లో ముఠాలను గూర్చి చేసిన అధ్యయనం, 'ఫ్యాక్షన్' అనే పోలీసు మాటకు విశ్వవిద్యాలయంలో చోటు కల్పించింది. 1965లో రాల్ఫ్ నికొలస్ దానికి లక్షణాలు చెప్పాడు. ముఠా అనేది శాశ్వతమైన సంఘం కాదు. ఒక నాయకుని చుట్టూ వేర్వేరు కారణాలతో చేరిన మనుషుల గుంపు. ఒకడు అప్పు వల్ల, ఒకడు చుట్టరికం వల్ల, ఒకడు కౌలు భూమి కోసం, ఒకడు ఎదుటివాని మీద కోపంతో చేరుతాడు. నాయకుడు పోతే గుంపు పోతుంది, లేదా మరొకని చుట్టూ చేరుతుంది. ఆంధ్రలో రెడ్లు, కమ్మవారి మధ్య కులం, ముఠా ఎట్లా పెనవేసుకున్నాయో కరోలిన్ ఇలియట్ 1970లో వచ్చిన ఒక సంకలనంలో పరిశీలించింది. కులం మొత్తం ఒక పార్టీగా ఉండదని, ఆధిపత్య కులమే నిలువునా రెండుగా చీలి, ఒక్కొక్క భాగం క్రింది కులాలను తన వైపు లాక్కుంటుందని ఈ అధ్యయనాల సారం.

మన తాలూకాల విషయంలో ఇది సరిగ్గా సరిపోయే వర్ణన. ఇక్కడి కక్షలు ఎక్కువ భాగం దాయాదుల కక్షలు. ఒకే ఇంటిపేరు, ఒకే కులదైవం, ప్రక్క ప్రక్క పొలాలు. గట్టు తగాదా, మునసబు పదవి, సర్పంచ్ ఎన్నిక, ఏదో ఒకదానితో మొదలవుతుంది. నాయకులు చాలా వరకు ఒకే కులంవారు. బాంబు పట్టుకున్నవారు, దాని క్రింద పడినవారు మాత్రం బోయలు, మాలలు, మాదిగలు, ఇతర చిన్న కులాలవారు, చిన్న రైతులు, జీతగాళ్లు.

ఈ దాయాదుల సంగతి ఇంకొక పెద్ద చర్చకు తలుపు తెరుస్తుంది. 1975లో ఎడ్వర్డ్ విల్సన్ సామాజిక ప్రవర్తనకు జీవశాస్త్ర వివరణ ఇస్తూ పెద్ద గ్రంథం ప్రకటించిన తరువాత, పరిణామవాదం సాంఘిక శాస్త్రాలలోకి మళ్లీ వచ్చింది. ఈసారి ముక్కులు కొలవలేదు; లెక్క ఇంకా సూక్ష్మమైనది. 1964లో హామిల్టన్ చెప్పిన సూత్రం ప్రకారం ప్రాణి తనతో జన్యువులు పంచుకున్నవారి కోసం నష్టపోవడానికి సిద్ధపడుతుంది. సొంత సోదరునితో పంచుకునేది సగం, పినతండ్రి కొడుకుతో 8వ వంతు. 1988లో నెపోలియన్ షాగ్నన్, దక్షిణ అమెరికాలోని యానొమామి తెగలో మనుషులను చంపినవారికే భార్యలు, పిల్లలు ఎక్కువని రాశాడు. హింస లాభసాటి గనుక మానవజాతిలో నిలిచిందని చాలామంది దానిని చదువుకున్నారు. ఆ అంకెలలో వయస్సు, నాయకత్వం ప్రభావాలను సరిగా విడదీయలేదని ఇతరులు ఆక్షేపించారు. ఆ వివాదం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

మేము పరిణామాన్ని కాదనడం లేదు. పగ తీర్చుకునే కోరిక, మేలుకు మేలు చేసే బుద్ధి, తనవాడు పరవాడు అనే భేదం మనిషిలో చాలా లోతైనవని ఒప్పుకోవచ్చు. అయితే ఈ సూత్రాన్ని జమ్మలమడుగు తాలూకా ఊరి మీద పెట్టి చూడండి. రక్తసంబంధమే మనుషులను కలిపితే, పినతండ్రి కొడుకును చంపడానికి ఏ సంబంధమూ లేని కులం మనిషిని తోడు తెచ్చుకోవడం ఏమిటి? ఆ మనిషి తన పిల్లలను విడిచి, ఏ జన్యువూ పంచుకోని రెడ్డి కోసం జైలుకు పోవడం ఏమిటి? సూడాన్‌లోని న్యూయర్ ప్రజలను గూర్చి ఇవాన్స్ ప్రిచర్డ్ 1940లో రాసినదాని ప్రకారం, అక్కడ దాయాదులు తమలో తాము తగాదాపడినా బయటివాడు వస్తే ఒకటవుతారు. ఇక్కడ బయటివానిని తోడు తెచ్చుకొని దాయాదిని కొడతారు. కయీను కథ చదివినవారికి ఇది ఆశ్చర్యంగా తోచకపోవచ్చు గాని, రక్తంతో అన్నీ వివరించబోయేవారికి మాత్రం ఇది గట్టి అడ్డంకి. స్వభావం అందరిలో ఉన్నదే అయినప్పుడు, ఒకచోట ఒక కాలంలో మాత్రమే జరిగినదానిని అది వివరించలేదు.

రిచర్డ్ నిస్బెట్, డవ్ కొహెన్ 1996లో అమెరికా దక్షిణ రాష్ట్రాలను గూర్చి రాసిన పుస్తకం కొంత దగ్గరికి వస్తుంది. చట్టం చేయి చాచనిచోట, తన సొత్తును తానే కాపాడుకోవలసినచోట, మాట పడితే ఊరుకోని మనిషికే బ్రతుకు ఉంటుందని వారి వాదం. వారు దానిని పశువుల కాపరుల వారసత్వంగా చెప్పారు. మనవారు కాపరులు కారు, సేద్యగాళ్లు. కాని చట్టం చేయి చాచనిచోట అన్న ముక్క మనకు పనికివస్తుంది.

మధ్యన నిలిచినవాడు

ఈ ముక్కను పట్టుకొని మరల మన్రో దగ్గరికి పోదాం. పాలెగానిని తీసివేసిన తరువాత ఊరిలో ప్రభుత్వం ఎవరు? 1816 రెగ్యులేషన్లలో ప్రభుత్వం ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది. దారోగాలను తీసివేసి, ఊరి పోలీసు అధికారాన్ని, చిన్న వ్యాజ్యాల తీర్పును గ్రామ పెద్దకు అప్పగించింది. గ్రామ మునసబు పన్ను వసూలు చేస్తాడు, నేరం జరిగితే కబురు పంపుతాడు, చిన్న తగవులు తీరుస్తాడు. కరణం లెక్క రాస్తాడు. తలారి, వెట్టి వారి చెప్పుచేతలలో ఉంటారు. పదవి వంశపారంపర్యం, 1895లో ప్రత్యేక చట్టంతో దానిని ఇంకా గట్టిచేశారు. 1859లో జిల్లా పోలీసు వచ్చినా, స్టేషను ఊరికి ఆమడ దూరంలో ఉండేది. నేరం జరిగిందో లేదో మొదట చెప్పవలసినవాడు మునసబే. నేరం చేయించినవాడు కూడ అతడే అయితే?

చరిత్రకారుడు డేవిడ్ వాష్‌బ్రూక్ 1970లలో మద్రాసు రాష్ట్ర గ్రామీణ రాజకీయాలను పరిశీలించి, డెల్టా జిల్లాలకు, దత్త మండలాల వంటి మెట్ట జిల్లాలకు ఒక ముఖ్యమైన భేదం చూపాడు. డెల్టాలో నీరు చాలామంది రైతులకు కొద్దికొద్దిగా బలమిచ్చింది. మెట్టలో విత్తనానికి, ఎద్దులకు, కరువు నెలల తిండికి చిన్నరైతు ఊరిలోని ఒకరిద్దరు పెద్ద ఇండ్ల మీదనే ఆధారపడ్డాడు. గాదెలో ధాన్యం, అప్పుపత్రం, బండి, పత్తి వ్యాపారం, మునసబు ముద్ర అన్నీ ఒకే ఇంట చేరాయి. ధాత కరువు వంటి విపత్తులలో ఆ ఇండ్లు ఇంకా బలపడ్డాయి. ఇప్పుడు కరువు పాత్ర మనకు అర్థమవుతుంది. వాన లేనితనం మనిషిని కోపిష్ఠిని చేయలేదు. దిక్కులేని రైతును గాదె ఉన్నవాని గడప దగ్గర నిలబెట్టింది. ఊరిలో అటువంటి గడప ఒక్కటే ఉంటే అది పెత్తనం. రెండుంటే అది పార్టీ.

ఆంటోన్ బ్లాక్ అనే డచ్చి పరిశోధకుడు 1974లో సిసిలీలోని ఒక గ్రామం మాఫియాను గూర్చి రాసిన పుస్తకం ఇక్కడ చదవదగినది. మాఫియా ప్రభుత్వం లేనిచోట పుట్టలేదు. ప్రభుత్వం ఉండి, ఊరికి చేరలేక మధ్యవర్తిని పెట్టుకున్నచోట పుట్టిందని అతని నిర్ధారణ. పైవానికి ఊరిని చూపి, ఊరివానికి పైవానిని చూపి, రెండు చేతులా సంపాదించేవాడు ఆ మధ్యవర్తి. హింస అతని కోపం కాదు, అతని పెట్టుబడి. సిసిలీ రక్తాన్ని గూర్చి కూడ ఒకప్పుడు పెద్ద పుస్తకాలు వచ్చాయన్నది గమనించదగిన విషయం. లొంబ్రోసో దేశం అదే కదా.

ఏర్పాటే కారణమైతే, ఏర్పాటు మారినప్పుడు కక్ష రూపం కూడ మారాలి. ఈ పరీక్షలో మూడవ సమాధానం నెగ్గుతుందని మా అభిప్రాయం. 1959లో పంచాయతీరాజ్ వచ్చిన తరువాత తగాదా మునసబు పదవి నుండి సర్పంచ్, సమితి అధ్యక్ష పదవులకు ప్రాకింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను ఒక్క కలంపోటుతో రద్దుచేసింది. 168 ఏండ్ల ఏర్పాటు పోయింది, కక్ష పోలేదు. ఎందుకంటే అప్పటికే మధ్యవర్తికి కొత్త బేరాలు దొరికాయి. సారాయి వేలం, రోడ్డు పనులు, గనులు, ఓట్ల మూటలు. పాటలో ఎదుటివాడు నోరెత్తకుండా చూడగలిగినవానికే సారాయి దుకాణాలు. కె. బాలగోపాల్ ఎన్నో ఏండ్లు ఈ ఊళ్లు తిరిగి రాసిన వ్యాసాలలో చూపినది ఇదే: ఊరి పెత్తనం కోసం పుట్టిన హింస, పట్టణంలో కాంట్రాక్టు వ్యాపారానికి, ఎన్నికలకు పనిముట్టు అయింది. 1993 అక్టోబరులో సారాయి నిషేధం వచ్చినప్పుడు ఆ బేరం మూతపడింది, మిగిలినవి సాగాయి. ప్రతి మలుపులోను మనుషులు వారే, నేల అదే, కక్ష మాత్రం డబ్బు, అధికారం ఏ ద్వారం గుండా వస్తే ఆ ద్వారం దగ్గరికి జరిగింది.

చీనీ చెట్ల సంగతి చెప్పకుండా ముందుకు పోలేము. పులివెందుల ప్రాంతపు కక్షలలో మనిషి దొరకనప్పుడు తోట నరికారు. చీనీ మొక్క కాపుకు రావడానికి అయిదేండ్లైనా పడుతుంది. బోరుకు, మోటారుకు తెచ్చిన అప్పు అంతకాలం ఎదురుచూస్తుంది. ఒక్క రాత్రిలో తోట పోతే ఆ రైతు జీవితమంతా ఏదో ఒక గడప దగ్గరికి పోవలసిందే. ఇది పిచ్చికోపం చేసే పని కాదు, లెక్క తెలిసినవాడు చేసే పని.

చెప్పని సంగతులు

మూడవ సమాధానానికి మేము మొగ్గు చూపినా, దానిలోను ఒక ప్రమాదం ఉంది. డేవిడ్ హార్డిమన్ 1982లోనే దానిని ఎత్తిచూపాడు. ముఠా సిద్ధాంతం ప్రకారం నాయకునికి తప్ప మరెవరికీ ఆలోచన ఉండదు. అనుచరులు ఎటు లాగితే అటు పోయే గొఱ్ఱెలవంటివారు. ఈ చూపు అధికారికి, పండితునికి అనుకూలమైనది. 'ఏర్పాటు చంపించింది' అనే మాట కూడ 'రక్తం చంపించింది' అనే మాట వలెనే చంపినవానిని తప్పించగలదు. ఒకే ఊరిలో, ఒకే అప్పులో ఉన్న ఇద్దరు జీతగాళ్లలో ఒకడు బాంబుల సంచి మోశాడు, ఒకడు రాత్రికి రాత్రి పెండ్లాం పిల్లలతో బెంగుళూరు పోయి మేస్త్రీ పని నేర్చుకున్నాడు. రెండవవానిని గూర్చి ఏ సిద్ధాంతమూ మాట్లాడదు, ఎందుకంటే అతని మీద కేసు లేదు. కేసు లేనివాడు దస్తావేజులలో ఉండడు. దస్తావేజులలో లేనివాడు శాస్త్రంలో ఉండడు.

మన పాఠకులకు పరిచయమైన మరొక అధ్యయనంతో దీనిని పోల్చవచ్చు. 1933లో వాస్కమ్ పికెట్ భారతదేశంలోని సామూహిక క్రైస్తవోద్యమాలను గూర్చి రాసినప్పుడు, జనం ఏ ఉద్దేశంతో చేరారని ఇంటింటా అడిగించాడు. ఆధ్యాత్మిక కారణాలు, లౌకిక కారణాలు, బంధువుల కారణాలు, పుట్టుక అని జవాబులను వర్గీకరించాడు. చివరకు తేలినదేమంటే, మొదటి ఉద్దేశం కంటే ఆ తరువాత లభించిన బోధ, కాపరత్వమే వారి జీవితాన్ని ఎక్కువగా తీర్చిందని. జమ్మలమడుగులో లండన్ మిషను వారు నెలకొల్పిన సంఘాల చరిత్రను ఈ కోణం నుండి ఇంకా ఎవరైనా రాయవలసి ఉంది. ఆ సంఘాల సభ్యులు ఎక్కువగా మాలలు, అంటే ఏ పార్టీవారి పొలంలోనో పనిచేసినవారే. ఆదివారం ఒకే బెంచీ మీద కూర్చున్న రెండు పార్టీల జీతగాళ్లు సోమవారం ఎవరి గడపకు వారు పోయారు. ఆ బెంచీ ఆ గడపల బలాన్ని ఎంతవరకు తగ్గించిందో, ఎక్కడ తగ్గించలేకపోయిందో సంఘ రికార్డులతో, కోర్టు తీర్పులతో కలిపి చదివితే గాని తెలియదు.

స్త్రీలను గూర్చి కూడ ఈ శాస్త్రాలు దాదాపు మౌనమే. థర్‌స్టన్ కొలిచిన తలలు చాలావరకు మగవారివి. ముఠాల అధ్యయనాలలో కనబడే పేర్లు మగవారివి. కక్షలో భర్త పోయిన స్త్రీ, కొడుకు పెద్దవాడై పగ తీర్చుకోవాలని అతని చొక్కా దాచిపెట్టిందని సినిమాలు చూపించాయి. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో, కుట్టుమిషన్ల దగ్గర, కడప హాస్టళ్లకు పిల్లలను పంపి ఊరి ముఖం మరల చూడని తల్లుల సంఖ్య ఎంతో ఎవరూ లెక్కించలేదు. వారు చొక్కా దాచలేదు, పిల్లవానిని దాచారు. దాయాదుల కక్ష మూడవ తరానికి ఎందుకు చేరలేదో తెలుసుకోవాలంటే మొదట అడగవలసింది వారినే.